అయస్కాంత ద్రవములలో కణముల కూటములు

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చదివిన విద్యార్థులందరును ఒక ప్రయోగము నెరుగుదురు. దండాయస్కాంతముపై దళసరి కాగితము నుంచి, దానిమీద ఇనుపరజను చల్లి, వ్రేలితో మెల్లగా తట్టినచో రజను వంపుగీతలుగా అమరును. ఆ గీతలను చూపి ఉపాధ్యాయుడు బలరేఖలను గూర్చి చెప్పును, విద్యార్థులు పటము గీసికొందురు, పాఠము ముగియును. కాని ఆ పటములో మరికొన్ని ప్రశ్నలు దాగియున్నవి. రేణువులు బలరేఖల దిశకు తిరుగుట సరియే. అవి ఒకదాని వెనుక నొకటి చేరి గొలుసు లేల కట్టవలెను? ప్రక్కప్రక్కనున్న గొలుసులు ఎడమెడముగా ఏల నిలువవలెను? కాగితమును గట్టిగా ఊపినచో అవి ఏల చెదరిపోవును?

ఇనుపరజనుకంటె పదివేల రెట్లకు మించి సూక్ష్మమైన కణముల విషయమున ఈ ప్రశ్నలే శాస్త్రజ్ఞులను అర్ధశతాబ్దమునకు పైగా ఆలోచింపజేసినవి. ఆ కణములు అయస్కాంత ద్రవములలో నున్నవి. అవి విడివిడిగా తిరుగునా, కూటములుగా చేరునా అనుదానిపైననే ఆ ద్రవము పనికివచ్చుటయు, పాడగుటయు ఆధారపడియున్నవి.

అయస్కాంత ద్రవ మనగానేమి?

ఇనుమును కరగించినచో అయస్కాంత ద్రవము లభించునని తోచవచ్చును. కాని ఇనుము 770 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే తన బలమైన అయస్కాంత గుణమును కోల్పోవును. అది కరగుటకు 1538 డిగ్రీలు కావలెను. కరగిన ఇనుమును అయస్కాంతము ఘనపు ఇనుమువలె లాగజాలదు. కావున వేరొక ఉపాయము కావలసివచ్చెను.

1963వ సంవత్సరమున అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసాకు చెందిన స్టీఫెన్ పాపెల్ అట్టి ఉపాయము నొకటి కనిపెట్టెను. అంతరిక్షమున వస్తువులు భారరహిత స్థితిలో నుండుటచే రాకెట్టు తొట్టిలోని ఇంధనము అడుగునకు చేరదు. ఎక్కడబడిన అక్కడ తేలుచుండును. దానిని పంపు ముఖమునకు అయస్కాంతముతో లాగవచ్చునా అని అతని ఆలోచన. మాగ్నటైటు అను ఇనుప ఆక్సైడును, అనగా మన సూదంటురాయి యందలి ఖనిజమునే, ఓలియిక్ ఆమ్లముతో కలిపి, ద్రవములో నుంచి, మరలో అనేక దినములు నూరి, అతి సూక్ష్మమైన కణములు తేలుచుండు నల్లని ద్రవమును తయారుచేసెను. రాకెట్టు ఇంధనముగా అది వాడుకకు రాలేదు. కాని రోనాల్డ్ రోజెన్‌స్వైగ్ మొదలగువారు ఆ ద్రవమును అభివృద్ధి చేసి దానికొక శాస్త్రమునే ఏర్పరచిరి. ఇప్పుడు తిరుగుచుండు ఇరుసు చుట్టును గాలి చొరకుండ అడ్డుకట్ట వేయుటకును, ధ్వనివర్ధకములలోని తీగచుట్ట వేడిని బయటికి చేరవేయుటకును దీనిని వాడుచున్నారు.

ఈ ద్రవములోని కణము వ్యాసము సుమారు 10 నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు. ద్రవపు ఘనపరిమాణములో నూటికి అయిదు వంతులు కణములైనచో, ఒక ఘన సెంటిమీటరులో సుమారు 10¹⁷ కణము లుండును. ఇంత చిన్నదగుటచే ప్రతి కణమును ఒకే దిశగల సంపూర్ణమైన అయస్కాంతము. ఇనుపరజను బయటి అయస్కాంతము దాపున నున్నప్పుడే బలముగా అయస్కాంతమగును. ఈ కణములు ఎల్లప్పుడును అయస్కాంతములే. ప్రతి కణముపైనను సుమారు 2 నానోమీటర్ల మందమున ఓలియిక్ ఆమ్లపు అణువులు కుచ్చువలె నిలిచియుండును. రెండు కణములు ఎదురుపడినప్పుడు ఈ కుచ్చులు ఒకదానినొకటి నెట్టివేసి, కణములు అంటుకొనకుండ కాపాడును.

కూటములు కట్టినచో నష్టమేమి?

మాగ్నటైటు నీటికంటె అయిదు రెట్లు బరువైనది. ఐనను 10 నానోమీటర్ల కణము అడుగునకు దిగిపోదు. ద్రవపు అణువులు ఉష్ణచలనముచే దానిని అన్ని వైపులనుండి తాకుచు నిరంతరము త్రోయుచుండుటయే దీనికి కారణము. ఇదియే బ్రౌనియన్ చలనము. 27 డిగ్రీల వద్ద ఈ ఉష్ణచలనపు శక్తికి కొలత, అనగా బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకమును నిరపేక్ష ఉష్ణోగ్రతతో గుణింపగా వచ్చినది, సుమారు 4.1 × 10⁻²¹ జౌలు. దీనిని ఈ వ్యాసమున ‘ఉష్ణప్రమాణము’ అందము. ఒక ఉష్ణప్రమాణపు శక్తితో కిరోసిను వంటి నూనెలోనున్న మన కణమును ఎంత ఎత్తునకు లేపవచ్చునో లెక్కించినచో సుమారు 18 సెంటిమీటర్లు వచ్చును. కావున చిన్న సీసాలో కణములు అడుగుకు చేరక అంతట వ్యాపించియే యుండును.

అట్టి కణములు వేయి చేరి ఒక ముద్దయైనచో, ముద్ద బరువు వేయి రెట్లు; దానిని లేపగల ఎత్తు 18 సెంటిమీటర్లకు బదులు 0.18 మిల్లీమీటరు మాత్రమే. ఇక ఆ ముద్ద సీసా అడుగున మడ్డిగా దిగవలసినదే. కూటములు కట్టుట అయస్కాంత ద్రవమునకు ప్రాణాపాయ మనుట ఇందుచేతనే.

రెండు కణముల లెక్క

వేల కోట్ల కణముల నడవడిని తెలిసికొనుటకు ముందు రెంటి సంగతి చూతము. సిద్ధాంతకారులు వాడు నమూనా మిక్కిలి సరళమైనది. ప్రతి కణమును ఒక గట్టి గోళము. దాని నడుమ ఒక చిన్న అయస్కాంతపు ముల్లు. కుచ్చు మందము గోళపు కొలతలోనే చేరియున్నది.

రెండు గోళములు ఒకదానినొకటి తాకుచున్నప్పుడు ముఖ్యముగా నాలుగు అమరికలు చెప్పుకొనవచ్చును. ఒకటి: గోళములు ముందువెనుకలుగా నుండి, ముళ్లు రెండును ఒకే వరుసలో ఒకే దిశకు చూపుట. దీని శక్తి −2 అనుకొందము. రెండు: ప్రక్కప్రక్కన నుండి, ముళ్లు ఎదురు దిశలకు చూపుట, దీని శక్తి −1. మూడు: ప్రక్కప్రక్కన నుండి, ఒకే దిశకు చూపుట, దీని శక్తి +1. నాలుగు: ముందువెనుకలుగా నుండి, ఉత్తరధ్రువము ఉత్తరధ్రువమునకు ఎదురగుట, దీని శక్తి +2. శక్తి ఎంత తక్కువైన ఆ అమరిక అంత స్థిరము. కావున మొదటి అమరికయే శ్రేష్ఠము. మూడవ కణము వచ్చినను అది వరుస చివరనే చేరును. ఇదే గొలుసు పుట్టుక. బయటి క్షేత్రములో ముళ్లన్నియు ఒకే దిశకు చూపుటచే, ప్రక్కప్రక్కన సమముగా నిలిచిన గొలుసులు మూడవ అమరికను పొంది ఒకదానినొకటి నెట్టుకొనును. ఇనుపరజను గీతలు ఎడముగా నిలుచుటకును ఇదియే కారణము. ఒక గొలుసు సగము గోళము మేర ముందుకు జరిగినచో మాత్రము స్వల్పమైన ఆకర్షణ కలుగును. బలమైన క్షేత్రములో గొలుసులు కొన్ని కలిసి స్తంభములగుటకు అది త్రోవ తీయును.

ఇక అసలు ప్రశ్న: ఈ బంధము ఉష్ణచలనపు దెబ్బలకు ఆగునా? మొదటి అమరికలో 10 నానోమీటర్ల మాగ్నటైటు కణములు రెండు, కుచ్చులతో కలిసి తాకుచున్నప్పుడు, బంధశక్తి సుమారు ఒక ఉష్ణప్రమాణము మాత్రమే. అనగా అవి చేరిన మరుక్షణమే విడిపోగలవు. కుచ్చు లేక కణములు నేరుగా తాకినచో ఆ శక్తి రెండున్నర ఉష్ణప్రమాణములకు పైబడును. దీనికితోడు పదార్థములన్నింటికిని గల దగ్గరి ఆకర్షణ కూడ తోడై వాటిని విడువకుండ పట్టును. కుచ్చు విలువ ఇప్పుడు తెలిసినది గదా!

ఇప్పుడు కణపు వ్యాసమును 20 నానోమీటర్లు చేయుదము. అయస్కాంత భ్రామకము ఘనపరిమాణము ననుసరించును. కావున అది 8 రెట్లగును. శక్తి రెండు భ్రామకముల లబ్ధము ననుసరించును. కావున 64 రెట్లు. కేంద్రముల మధ్య దూరము 14 నుండి 24 నానోమీటర్లకు పెరిగినది; శక్తి దూరపు ఘనమునకు విలోమముగా నుండును గనుక, 64ను సుమారు 5తో భాగింపవలెను. బంధశక్తి ఒకటి నుండి సుమారు 12 ఉష్ణప్రమాణములకు చేరినది. వ్యాసము రెట్టింపైనంతనే బంధము పండ్రెండింతలు! ఈ లెక్కను పదవ తరగతి విద్యార్థులచే నల్లబల్లపై చేయింపవచ్చును.

ఇంతటితో అయిపోలేదు. బంధము నిలుచు అవకాశము, బంధశక్తిని ఘాతముగా గైకొని 2.718 అను సంఖ్యను హెచ్చించిన రీతిగా పెరుగును. ఒక ఉష్ణప్రమాణమునకు ఈ గుణకము 2.7, పండ్రెండింటికి లక్షా అరువది వేలకు పైన. చిన్న కణములు విడిగా తిరుగుటకును, కొంచెము పెద్దవి గొలుసులు కట్టుటకును నడుమ ఇంత అగాధ మున్నది.

1970 నాటి సిద్ధాంతము

ఫ్రాన్సు దేశీయుడు పియేర్ గిల్ ద జెన్, అమెరికా దేశీయుడు ఫిలిప్ పింకస్ కలిసి 1970లో ఈ విషయమును లెక్కకు తెచ్చిరి. వీరిలో ద జెన్‌కు 1991లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. బంధశక్తి ఉష్ణప్రమాణమునకు మించినప్పుడు కణములు గొలుసులు కట్టుననియు, బలమైన క్షేత్రములో ఆ గొలుసులు క్షేత్రదిశకు సాగి నిలుచుననియు, క్షేత్రము లేకున్నను గొలుసులుండునుగాని అవి పొట్టివై ఎటుబడిన అటు తిరిగియుండుననియు వారు చూపిరి. క్షేత్రము లేనప్పుడు వచ్చి చేరు కణము తన స్థానమును వెదకికొనుటయే గాక, సరియైన దిశకు తిరుగుటయు అవసరము. క్షేత్రమున్నచో దిశను క్షేత్రమే చూపును. పనిలో సగము తీరినట్లే.

గొలుసులన్నియు ఒకే పొడవున నుండునా? 1995లో రష్యా శాస్త్రజ్ఞులు జుబరేవ్, ఇస్కకోవాలు ప్రకటించిన నమూనాలో గొలుసు కట్టుట ఒక రసాయన చర్య వంటిది. విడి కణము గొలుసు చివర చేరుచుండును, మరల విడిపోవుచుండును, ఈ రెండును సరితూగినప్పుడు సమతాస్థితి. దీని ఫలితమును గణితము ప్రారంభించిన విద్యార్థియు గ్రహింపవచ్చును. గొలుసు చివరనున్న కణమునకు మరియొకటి అంటియుండు సంభావ్యత సగము అనుకొందము. వేయి గొలుసులలో ఒంటి కణములు 500, జంటలు 250, మూడేసి కణములవి 125, ఇట్లు గుణశ్రేఢిలో తగ్గుచుపోవును. సగటు పొడవు 2 కణములు. సంభావ్యత పదింట తొమ్మిది వంతులైనచో సగటు 10. నూట తొంబదితొమ్మిది వంతులైనచో 100. సంభావ్యత ఒకటికి చేరువగుకొలది పొడవు ఎంత వేగముగా పెరుగుచున్నదో గమనింపుడు.

ద్రవములో మరియొక ద్రవము పుట్టునా?

ఇక్కడ ఒక వివాదము తలయెత్తినది. నీటి ఆవిరిని చల్లార్చినచో అణువుల ఆకర్షణ ఉష్ణచలనమును గెలిచి ఆవిరి నీరగును. అయస్కాంత గోళముల మధ్యను, అన్ని దిశలను సగటు చూచినచో, ఆకర్షణయే మిగులును. కావున ఉష్ణోగ్రత తగ్గించినచో ఇవియు ఆవిరివలె ‘కురిసి’, చిక్కని ద్రవముగాను పలుచని ద్రవముగాను విడిపోవలెను. చాలమంది ఇట్లే ఎదురుచూచిరి.

దీనిని గణకయంత్రముపై పరీక్షించిరి. పద్ధతి పేరు మాంటీకార్లో. 1953లో మెట్రొపొలిస్ బృందము రూపొందించినది. యంత్రము ఒక కణమును ఎన్నుకొని, పాచిక వేసినట్లు దానిని కొంచెము జరుపును లేక త్రిప్పును. శక్తి తగ్గినచో ఆ మార్పును అంగీకరించును. శక్తి పెరిగినచో వెంటనే త్రోసివేయదు. పెరుగుదల ఎంత ఎక్కువైన అంత అరుదుగా అంగీకరించును. ఉష్ణచలనపు పాత్రను ఈ నియమమే నిర్వహించును. ఇట్లు లక్షల మార్లు చేసినచో కణములు తమ సహజమైన అమరికకు చేరును. అయస్కాంత ద్రవములపై ఇట్టి లెక్కను 1982లోనే చాంట్రెల్, అతని సహచరులు చేసి, కణములు కూటములగుటను చూపిరి.

1993లో ఫ్రాన్సున వైస్, లెవెస్క్ అనువారు ముళ్లుగల గోళములపై ఇట్టి లెక్క చేయగా, ఎదురుచూచిన ద్రవము కానరాలేదు. పొడవైన, మెలికలు తిరిగిన గొలుసులు కనబడినవి. ఆ ఏడే వాన్ లీవెన్, స్మిట్ అనువారు గోళములకు ముల్లుతోబాటు అన్ని దిశలను సమానమైన ఆకర్షణయు కొంత చేర్చినగాని ద్రవము పుట్టదని చూపిరి. కారణము ఆలోచించినచో సులభమే. గొలుసు నడుమనున్న కణము తన ముందువెనుకల బంధములతో తృప్తి చెందియున్నది. ఇతరులను లాగుటకు దానికి పెద్దగా బలము మిగులలేదు. ముడిపడని కొన లున్నవి రెండే.

2000లో ట్లుస్టీ, సాఫ్రన్‌లు వాదమును మరల లేవదీసిరి. గొలుసు నడుమ మరియొక గొలుసు కొన వచ్చి అతికి మూడు కొమ్మల కూడలి ఏర్పడినచో, అట్టి కూడళ్లు వలవలె అల్లుకొని ద్రవము విడిపోవుటకు చాలునని వారి వాదము. కాని 2011లో ఇటలీలో రొవిగత్తి, రుస్సో, షోర్తీనోలు తక్కువ ఉష్ణోగ్రతలకు పోయి లెక్కింపగా ద్రవము విడిపోవు జాడ కనబడలేదు. గొలుసులు తమ రెండు కొనలను తామే కలిపికొని వలయములగుచున్నవి. నాలుగు గాని అంతకు మించి గాని గోళములున్నప్పుడు, నిటారు గొలుసుకంటె వలయమునకే శక్తి తక్కువ. కొనలే లేని వలయమునకు ఎవరితోను పనిలేదు! సరళమని తోచిన నమూనా ఇంతకాలము పండితులను తికమక పెట్టినది.

కాలము చేయు పని

ఇంతవరకు చెప్పినది సమతాస్థితి. కూటములు ఎంత వేగముగా పెరుగునను ప్రశ్న వేరు. దీనికి పునాది అయస్కాంత ద్రవములు పుట్టుటకు ఎంతో ముందే పడినది. 1916లో పోలిష్ శాస్త్రజ్ఞుడు స్మొలుకోవ్‌స్కీ ద్రవములలో సూక్ష్మకణములు పేరుకొనుటకు ఒక జమాఖర్చు పద్ధతి నిచ్చెను. అయిదు కణముల కూటము ఎట్లు పుట్టును? ఒకటియు నాలుగును గాని, రెండును మూడును గాని కలిసినచో. ఎట్లు తరుగును? అది మరియొకదానితో కలిసి ఇంకను పెద్దదైనచో. ప్రతి పరిమాణమునకును ఇట్లు జమ, ఖర్చు వ్రాసినచో ఏ క్షణమున ఎన్ని కూటములుండునో తేలును. అయస్కాంత కణములకు దీనిని వర్తింపజేయునప్పుడు, దూరమునుండియే అవి ఒకదానినొకటి లాగుకొనుటను లెక్కలో చేర్చవలెను. 1988లో నార్వే శాస్త్రజ్ఞులు హెల్గెసెన్, స్కెల్టార్ప్, వారి సహచరులు సూక్ష్మదర్శిని క్రింద కనిపించునంత పెద్ద అయస్కాంత గోళములు చేరుటను చూచి, లెక్కతో సరిపోల్చిరి. అయస్కాంత బలము హెచ్చినకొలది కూటములు ముద్దలుగా గాక తీగలవలె సాగినవి.

కంటికి కనబడిన గొలుసులు

అసలైన అయస్కాంత ద్రవములోని గొలుసులను చూచుట కష్టము. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో నుంచుటకు ద్రవమును ఎండబెట్టవలెను; ఎండునప్పుడే కణములు చెదరి కొత్తగా పేరుకొనవచ్చును. చూచినది సత్యమో, ఎండుటచే కలిగిన భ్రమయో తెలియదు. 2003లో నెదర్లాండ్సులో ఫిలిప్సె బృందము దీనికి మార్గము కనుగొనెను. ద్రవపు పలుచని పొరను, కణములు కదలుటకు వ్యవధి లేనంత వేగముగా గడ్డకట్టించి చూచిరి. ఇనుప కణముల ద్రవములో, క్షేత్రము లేకుండగనే, చిన్న కణములు విడివిడిగా నుండెను. కణముల పరిమాణము పెరిగినంతనే గొలుసులు, కొమ్మలు, వలలు కనబడినవి. ద జెన్, పింకస్‌లు కాగితముపై వ్రాసిన ముప్పది మూడేండ్లకు వారి గొలుసులు ప్రత్యక్షమైనవి.

పెద్ద కణముల పెత్తనము

మరలో నూరిన ద్రవములో కణము లన్నియు ఒకే పరిమాణమున నుండవు. అధికభాగము చిన్నవే, పెద్దవి కొద్ది. పైన చూచిన లెక్కనుబట్టి గొలుసులు కట్టునవి ఈ కొద్ది పెద్ద కణములే. రష్యాకు చెందిన ఇవనోవ్, కాంతరోవిచ్‌లు చిన్నవి పెద్దవి కలిసిన నమూనాలను పరిశీలించి, చిన్న కణము గొలుసు చివర చేరినచో ఆ చివర బంధము బలహీనమై గొలుసు పొడవు తగ్గునని చూపిరి. అందరును ఒకే తీరుగ నుందురని ఊహించిన నమూనాకు ఇది అవసరమైన దిద్దుబాటు.

దీని ప్రభావము వాడుకలో కనబడును. క్షేత్రములో నుంచినప్పుడు అయస్కాంత ద్రవపు స్నిగ్ధత పెరుగును. వేగముగా కలియబెట్టినచో ఆ పెరుగుదల తగ్గిపోవును. విడి కణములే యుండినచో ఇంత మార్పు రాదు. జర్మనీలో ఓడెన్‌బాక్ మొదలగువారి కొలతలు ఈ గుణమునకు పెద్ద కణముల గొలుసులే కారణమని తెలిపినవి. ప్రవాహపు ఒరపిడికి గొలుసులు తెగును, స్నిగ్ధత తగ్గును. మన దేశమున కల్పాక్కములోని ఇందిరాగాంధీ పరమాణు పరిశోధనా కేంద్రమున మాగ్నటైటు ద్రవములపై జరిగిన పరిశోధనలలో, క్షేత్రదిశకు గొలుసులు నిలిచినప్పుడు ఆ త్రోవన ఉష్ణము మిక్కిలి సులువుగా ప్రవహించుట గమనించిరి. అడ్డుకట్టకు శత్రువైన గొలుసు, ఉష్ణమును మోయుటకు మిత్రమగుచున్నది.

మరల మొదటి ప్రయోగమునకు వత్తము. వెడల్పైన గాజు పళ్లెములో ఆముదము పోసి, చిటికెడు ఇనుపరజను కలిపి, క్రింద అయస్కాంతము నుంచుడు. చిక్కని నూనెలో గొలుసులు నెమ్మదిగా కట్టుకొనుట విద్యార్థులకు కనబడును. అయస్కాంతమును తీసివేసి పుల్లతో కలిపినచో అవి తెగును. పుల్ల చేయు పనిని అయస్కాంత ద్రవములో ఉష్ణచలనము రేయింబవళ్లు చేయుచున్నది. కట్టు బలమునకును, కదపు బలమునకును నడుమ జరుగు ఈ పోరులో గెలుపెవ్వరిదో కణపు వ్యాసములోని కొద్ది నానోమీటర్లు నిర్ణయించుచున్నవి. బలరేఖల పటము గీసిన తరువాత ఉపాధ్యాయుడు ఈ ఒక్క మాటను జోడించినచో, పాఠము అక్కడ ముగియక, అక్కడనే మొదలగును.